ఫొటో పెద్దదైతే వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంట్లో పెద్దవాళ్ళు పోతే పెద్దకర్మ నాటికి ఫ్రేము కట్టిన ఫొటో కావాలి. వెతుకులాట అప్పుడు మొదలవుతుంది. పోయిన అమ్మమ్మ ఒక్కతే ఉన్న ఫొటో దొరకదు. ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో నిలబడిన గ్రూప్ ఫొటో, అదీ వాట్సాప్‌లో నాలుగు చేతులు మారినది, ఏ మనవడి ఫోన్లోనో బయటపడుతుంది. దాన్నే స్టూడియోకు పంపి, "ఇందులో మా అమ్మమ్మను ఒక్కదాన్నే తీసి పెద్దది చెయ్యన్నా, మొహం మాత్రం క్లియర్‌గా రావాలి" అంటారు. మన ఊళ్ళలో స్టూడియోల వాళ్ళకు ఇది ఏడాది పొడుగునా ఉండే పని.

ఆ అడిగినదాంట్లో ఎంత ఉందో లెక్క వేసి చూద్దాం. ఫొటో అడ్డంగా 1600 పిక్సెళ్ళు. వెనక వరసలో పదిహేనుమంది ఉన్నారు. ఒక్కొక్కరి వాటాకు వంద పైచిలుకు వస్తాయి. అందులో మొహం వెడల్పు 45, ఎత్తు 60 అనుకుందాం. అంటే ఆవిడ మొహం గురించి ఆ ఫైలుకు తెలిసింది మొత్తం 2,700 చుక్కలు. ఇప్పుడు ఫ్రేములో మొహం 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు రావాలి. చేత్తో పట్టుకుని చూసినా నున్నగా ఉండాలంటే అంగుళానికి 300 చుక్కలుండాలన్నది అచ్చుపని వాళ్ళ లెక్క. 1800 ఇంటూ 2400, మొత్తం 43,20,000 చుక్కలు. దీన్ని 2,700తో భాగిస్తే 1600 వస్తుంది. అంటే ఫ్రేములో కనిపించే ప్రతి 1600 చుక్కల్లో కెమెరా నిజంగా చూసింది ఒక్కటే. మిగతా 1599 ఎవరో ఒకరు నింపాలి.

పోలికకు ఒక పాత సంగతి. ప్రపంచంలో కంప్యూటర్‌లోకి ఎక్కిన మొట్టమొదటి ఫొటో 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు స్కాన్ చేసింది. అది మూడు నెలల వయసున్న ఆయన కొడుకు ఫొటో, 176 ఇంటూ 176 పిక్సెళ్ళు. ఆ పసివాడి బొమ్మలో 30,976 చుక్కలున్నాయి. మన అమ్మమ్మ మొహానికి దక్కినవాటికి పదకొండు రెట్లు పైనే.

"వివరం పోకుండా పెద్దది చేస్తాం" అని ఇవాళ ప్రతి యాప్ చెబుతోంది. ఫైల్లో ఉన్న వివరం పోకుండా చూడటం పెద్ద కష్టం కాదు. అసలు ఫైల్లోకి రాని వివరం పెద్ద బొమ్మలో కనిపిస్తోందంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబులు మూడే. పక్క చుక్కల నుంచి రావచ్చు, అదే దృశ్యాన్ని చూసిన మరో కొలత నుంచి రావచ్చు, లేదా వేరేవాళ్ళ ఫొటోల నుంచి రావచ్చు. ఈ మూడింటికీ విలువ ఒకటి కాదు.

పక్క చుక్కల్ని అడిగి నింపడం

అన్నిటికన్నా పాత దారి ఇది. పిక్సెల్ అంటే ఒక అంకె. నలుపు 0, తెలుపు 255. నల్లని తలుపు ముందు నిలబడ్డావిడ తెల్లజుట్టు అంచు దగ్గర ఒక వరసలో నాలుగు చుక్కలు తీసుకుందాం: 40, 40, 200, 200. మొదటి రెండూ తలుపు, తర్వాతి రెండూ జుట్టు. దీన్ని నాలుగు రెట్లు చెయ్యాలి. ఉన్న అంకెనే నాలుగుసార్లు వేసుకుంటూ పోతే 40, 40, 40, 40 తర్వాత ఒక్కసారిగా 200 వస్తుంది. ఇలా చేసిన ఫొటోను చూసే ఫ్లెక్సీ డిజైనర్లు "పగిలిపోయింది" అంటారు. మెట్లు మెట్లుగా గళ్ళు కనిపిస్తాయి.

రెండో పద్ధతిలో మధ్యను సమంగా పంచుతారు. 40కి 200కి నడుమ 80, 120, 160 వస్తాయి. గళ్ళు పోతాయి కానీ అంచు మంచులో తడిసినట్టు అలుక్కుపోతుంది. ఫోన్లో ఫొటోను వేళ్ళతో సాగదీస్తే కనిపించే మసక ఎక్కువగా ఇదే.

మూడోది బైక్యూబిక్. ఫొటోషాప్‌లో కూర్చున్న ప్రతివాళ్ళకూ ఈ పేరు తెలుసు. 1981లో రాబర్ట్ కీస్ ప్రచురించిన సూత్రం దీనికి ఆధారం. ఇది అటూ ఇటూ ఒక్కొక్క చుక్కతో సరిపెట్టుకోదు, రెండేసి చుక్కల్ని అడుగుతుంది. దగ్గరవాళ్ళ మాటకు 9 వంతుల బరువిస్తుంది, దూరంవాళ్ళ మాటకు మైనస్ 1 వంతు. వచ్చినదాన్ని 16తో భాగిస్తుంది. కాగితం మీద చేసి చూడండి. అంచుకు కాస్త ముందు, తలుపు వైపున, నాలుగు చుక్కలు 40, 40, 40, 200 అయితే నడిమి విలువ 30 వస్తుంది. అంచు దాటాక జుట్టు వైపున 40, 200, 200, 200 అయితే 210 వస్తుంది. అసలు ఫొటోలో 40 కన్నా నల్లనిది లేదు, 200 కన్నా తెల్లనిది లేదు. సూత్రం రెండూ కల్పించింది. అంచుకు అటు కొంచెం ఎక్కువ నలుపు, ఇటు కొంచెం ఎక్కువ తెలుపు పడేసరికి మన కంటికి అంచు పదునెక్కినట్టు కనిపిస్తుంది. మోతాదు మించితే తల చుట్టూ తెల్లటి గీత తేలుతుంది. పెళ్ళి ఆల్బముల్లో, సినిమా పోస్టర్లలో దాన్ని మనం చూస్తూనే ఉన్నాం.

హంగేరీలో పుట్టిన గణితవేత్త కార్నేలియస్ లాంచోష్ పేరు మీద ఉన్న మరో పద్ధతి ఇంకొంచెం ఎక్కువమంది పక్కవాళ్ళను అడుగుతుంది. అంచులు మరింత బాగా వస్తాయి. అయితే ఏ పద్ధతైనా ఇక్కడ చేసేది ఉన్న 2,700 అంకెల్ని కలిపి, తీసి, పంచడమే. కనురెప్ప వెంట్రుక ఆ అంకెల్లో లేకపోతే ఏ కూడికా దాన్ని తేలేదు.

ఎందుకు తేలేదన్నది ఎవరి అభిప్రాయమూ కాదు, గణితం. హ్యారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫ్ సంకేతాల మీద చేసిన పనితో మొదలై, 1949లో క్లాడ్ షానన్ పత్రంతో స్థిరపడిన సూత్రం ఒకటుంది. ఒక గీత, ఒక ఖాళీ, మళ్ళీ గీత, ఖాళీ అని పోయే నమూనాను పట్టుకోవాలంటే ఒక్కో జతకు రెండుకు మించి చుక్కలుండాలి. అంతకన్నా తక్కువైతే ఆ గీతలు పోవడమే కాదు, లేని గీతలుగా మారి కనిపిస్తాయి. సన్న గళ్ళ నేత చీర కట్టుకున్నావిడ టీవీలో కనిపించినప్పుడు చీర మీద అలలు అలలుగా రంగులు పాకడం గమనించే ఉంటారు. నేత దారాల లెక్క కెమెరా చుక్కల లెక్కను మించిపోయినందువల్ల వచ్చేవే ఆ అలలు. ఒక్క ఫొటో మీద చూస్తే అది పాడైన బొమ్మ. కానీ ఆ అలల్లోనే పోయిన దారాల తాలూకు జాడ మారువేషంలో దాగి ఉంది. ఆ జాడను బయటికి తీయడం శాస్త్రవేత్తలకు తెలుసు. ఈ మొత్తం విషయంలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

ఇంకోసారి, కాస్త జరిగి చూడటం

ఒకే దృశ్యాన్ని ఒకటి కాదు, పది ఫొటోలు తీశారనుకుందాం. ప్రతిసారీ కెమెరా ఒక చుక్కలో సగమో పావో పక్కకు జరిగింది. మొదటి ఫొటోలో రెండు చుక్కల నడుమ సరిహద్దులో పడ్డ దారం రెండో ఫొటోలో ఒక చుక్క మధ్యలో పడుతుంది. ఏ ఫొటో ఎంత జరిగిందో కచ్చితంగా తెలిస్తే అన్నిటినీ ఒక సన్నటి గడుల కాగితం మీద తమ తమ స్థానాల్లో పేర్చవచ్చు. అప్పుడు పెద్ద బొమ్మలో కొత్తగా వచ్చిన చుక్క పక్కవాళ్ళను అడిగి రాసుకున్నది కాదు, నిజంగా కొలిచినది. 1984లో సాయ్, హువాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల కోసం ఈ లెక్కను మొదట కట్టి చూపించారు.

దీనికి అందరికీ తెలిసిన ఫలితం హబుల్ టెలిస్కోపు తీసిన డీప్ ఫీల్డ్. 1995 డిసెంబరు 18 నుంచి పదిరోజులపాటు హబుల్ సప్తర్షి మండలం దిక్కున ఏమీ లేదనిపించే చిన్న ఆకాశపు ముక్కనే చూస్తూ కూర్చుంది. మొత్తం 342 సార్లు ఫొటో తీసింది. హబుల్ అద్దం చూడగలిగినంత సన్నగా అప్పటి దాని కెమెరా చుక్కలు లేవు. ఒక్కో చుక్క ఆకాశంలో 0.1 ఆర్క్ సెకను (ఇది కోణాన్ని కొలిచే ప్రమాణం) వెడల్పును మింగేసేది. అందుకని ఫొటోకూ ఫొటోకూ మధ్య టెలిస్కోపును కావాలనే కొద్ది కొద్దిగా జరిపారు. ఆండ్రూ ఫ్రుక్టర్, రిచర్డ్ హుక్ అనే ఇద్దరు ఖగోళశాస్త్రజ్ఞులు ఆ ఫొటోలను పేర్చడానికి డ్రిజిల్ అనే పద్ధతి తయారుచేశారు. ప్రతి చుక్కనూ కొంచెం కుదించి, అది నిజంగా ఎక్కడ పడిందో అక్కడ, సన్నగడుల మీద చిలకరించడమే అందులో ఉన్న ఉపాయం. చివరికి వచ్చిన బొమ్మలో చుక్క వెడల్పు దాదాపు 0.04 ఆర్క్ సెకను. రెండున్నర రెట్లు సన్నబడింది. ఆ చిన్న ముక్కలో దాదాపు మూడువేల గెలాక్సీలు లెక్కకు వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా కంప్యూటర్ ఊహించి గీసింది కాదు.

భూమిని చూసే ఉపగ్రహాలకూ ఇదే దారి పనికొచ్చింది. 2002లో ఫ్రాన్స్ పంపిన స్పాట్-5లో 12,000 కళ్ళున్న సెన్సర్ వరసలు రెండింటిని సగం చుక్క తేడాతో అమర్చారు. ఒక్కో వరస నేలను 5 మీటర్ల ముక్కలుగా చూస్తుంది. రెండింటినీ అల్లితే 2.5 మీటర్ల బొమ్మ వచ్చింది. మన ఇస్రో చేసినది కొంచెం వేరు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్ళిన కార్టోశాట్-1 నేలను 2.5 మీటర్ల సన్నదనంతో చూసేది కానీ అంతా నలుపు తెలుపే. అంతకుముందు 2003లో వెళ్ళిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-4 కెమెరాకు రంగులు తెలుసు కానీ దాని చుక్క 5.8 మీటర్లు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో ఈ రెండింటినీ కలిపారు. గట్లూ బాటలూ ఒకదాన్నించి, చేను పచ్చదనం రెండోదాన్నించి వచ్చాయి. రంగుబొమ్మను పెద్దది చేశారు, అయితే వివరం మరో కన్ను నిజంగా చూసి చెప్పింది.

ఇప్పుడు జేబులోకి వద్దాం. ఫోన్ కెమెరాలో ప్రతి చుక్కా మూడు రంగులూ చూడదు. 1976లో కొడాక్ కంపెనీ ఉద్యోగి బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన అమరిక ప్రకారం సగం చుక్కలు ఆకుపచ్చను, పావు ఎరుపును, పావు నీలాన్ని మాత్రమే చూస్తాయి. మిగతా రెండు రంగులూ పక్క చుక్కల్ని అడిగి నింపుకుంటాయి. అంటే జూమ్ చెయ్యకముందే మన ఫొటోలో మూడింట రెండువంతుల అంకెలు అంచనాలే. 2018లో గూగుల్ పిక్సెల్ 3 ఫోన్లో వచ్చిన జూమ్ ఈ కొరతను తీర్చే మార్గం ఒకటి కనిపెట్టింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి ఎంత బిగబట్టినా సన్నగా వణుకుతుంది. ఇన్నాళ్ళూ ఫొటోగ్రాఫర్లు శత్రువనుకున్న ఆ వణుకే ప్రతి ఫొటోనూ చుక్కలో కొంత వంతు పక్కకు జరుపుతోంది. వెంటవెంటనే చాలా ఫొటోలు తీసి, ఒకదాంతో ఒకటి సరిపోల్చి పేరిస్తే ఎరుపు చూడని చోట ఎరుపు చూసిన చుక్క వచ్చి కూర్చుంటుంది. ఇందులో నాకు ముచ్చటేసిన సంగతి ఇంకొకటుంది. ఫోన్‌ను స్టాండు మీద బిగిస్తే వణుకు ఉండదు కదా, అప్పుడు ఆ ఫోన్ లెన్సును తనే కావాలని కొంచెం కదిలిస్తుంది.

ఈ దారికీ హద్దు ఉంది. లెన్సు దాటి లోపలికి రాని వివరం వెయ్యి ఫొటోలు తీసినా రాదు. ఫొటోల నడుమ మనిషి కదిలితే లెక్క తప్పుతుంది. అమ్మమ్మ ఉన్న గ్రూప్ ఫొటో దొరికింది ఒక్కటే అయితే జరిపి చూడటానికి రెండోది లేదు.

వేరేవాళ్ళ మొహాల నుంచి

అక్కడే కృత్రిమ మేధ రంగంలోకి వస్తుంది. 2014లో హాంకాంగ్‌లోని చైనీస్ యూనివర్సిటీ పరిశోధకులు మూడు పొరల చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌తో ఈ పని చేసి చూపించారు. శిక్షణ ఎంతో సూటిగా ఉంటుంది. మంచి ఫొటో ఒకటి తీసుకుని దాన్ని చిన్నది చేస్తారు. చిన్నది యంత్రానికి ఇచ్చి పెద్దది గీయమంటారు. అసలు దాంతో పోల్చి తప్పు ఎంతో చెబుతారు. లక్షలసార్లు ఇలా జరిగాక, ఫలానా మసక వెనక సాధారణంగా ఫలానా గీత ఉంటుందని యంత్రానికి అలవాటవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 45 చుక్కల మొహానికి కుదించుకుపోగల పెద్ద మొహం ఒకటి కాదు, లెక్కలేనన్ని. ముడత ఇక్కడ ఉండొచ్చు, వెంట్రుకవాసి అవతల ఉండొచ్చు. చిన్నది చేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తప్పు తక్కువ చెయ్యమని చెబితే యంత్రం ఏ ఒక్కదాన్నీ ఎంచుకోదు, అన్నిటికీ సగటు గీస్తుంది. ముడతల సగటు నున్నటి చర్మం. అందుకే తొలినాటి ఫలితాలు నిజానికి దగ్గరగానే ఉన్నా చూడటానికి మెత్తగా ఉండేవి. 2017లో వచ్చిన ఎస్‌ఆర్‌గ్యాన్ అనే పద్ధతిలో రెండో యంత్రాన్ని పరీక్షకుడిగా పెట్టారు. ఇది అసలు ఫొటోనా, గీసినదా అని అది పసిగట్టాలి. దాన్ని నమ్మించడానికి మొదటి యంత్రం సగటు మానేసి ఏదో ఒక ముడతను ధైర్యంగా గీయడం నేర్చుకుంది. బొమ్మ ఒక్కసారిగా జీవం పోసుకున్నట్టయింది. కానీ ఆ ముడత ఆవిడది అనడానికి ఆధారం లేదు. 2018లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ పరిశోధకులు బ్లావ్, మిఖాయెలీ దీన్ని గణితంతో నిరూపించారు. ఒక హద్దు దాటాక బొమ్మ సహజంగా కనిపించడం, అసలుకు దగ్గరగా ఉండటం ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఒకటి పెంచితే రెండోది తగ్గాల్సిందే.

ఇది ఎంతదూరం పోతుందో 2020లో లోకమంతా చూసింది. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ పల్స్ అనే ప్రోగ్రాం 16 ఇంటూ 16 చుక్కల మొహాన్ని 1024 ఇంటూ 1024 చేసేది. ఒక్క చుక్క నుంచి 4,096. దానికి ఎవరో బరాక్ ఒబామా మసక ఫొటో ఇచ్చారు. చర్మం మీద గీతలతో సహా నిండైన, స్పష్టమైన మొహం వచ్చింది. అది ఒక తెల్లజాతి మనిషి మొహం. ఇందులో లెక్క తప్పు ఏదీ లేదన్నది గమనించాలి. ఆ కొత్త మొహాన్ని మళ్ళీ చిన్నది చేస్తే ఇచ్చిన మసక ఫొటోతో దాదాపు సరిపోతుంది. పల్స్ పని చేసేదే అలా. కుదిస్తే సరిపోయే మొహాల్లో తను నేర్చుకున్నవాటిలో ఒకదాన్ని ఎంచుకుంది, నేర్చుకున్న మొహాల్లో ఎక్కువ తెల్లవాళ్ళవి.

మన అమ్మమ్మ మొహం ఆ యంత్రాల్లో ఒకదానికి ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. బుగ్గ మీద పుట్టుమచ్చ రెండు చుక్కల మేర ఉంటే దాన్ని మురికనుకుని తుడిచేయవచ్చు. గడ్డం మీది పచ్చబొట్టు నీడ కింద జమ కావచ్చు. ఆ తరంలో ఎంతోమంది మొహాల మీద ఉన్న స్ఫోటకపు మచ్చలు నున్నగా పోతాయి. రెండువైపులా ఉన్న ముక్కుపుడకల్లో ఒకటి మెరుపుగా, ఒకటి మచ్చగా మారవచ్చు. పళ్ళు వరసగా వస్తాయి. వచ్చిన ఫొటో ఎంతో అందంగా ఉంటుంది, కూతురు మాత్రం కాసేపు చూసి "అమ్మలా లేదు" అంటుంది. ఆ మాట తేలిగ్గా తీసుకోవలసింది కాదు. అమ్మ మొహాన్ని గుర్తుపట్టే పనిలో ఆ కూతురి కన్ను ఏ యంత్రం కన్నా నమ్మదగిన కొలత. ఫొటోలో తేడా ఉందని ఆవిడ అంటే ఉన్నట్టే.

మొహాల సంగతి మనసుకు తగిలేది. అంకెల, అక్షరాల సంగతి బతుకుకు తగిలేది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ ఒక భవనం ప్లానును జెరాక్స్ కంపెనీ స్కానర్‌లో వేస్తే గదుల వైశాల్యం అంకెలు మారి వచ్చాయి. తవ్వి చూస్తే, ఫైలు చిన్నదవ్వాలని ఆ యంత్రం ఒకేలా కనిపించే ముక్కల్ని ఒకదాని బదులు ఒకటి వాడుతోందని తేలింది. కొన్నిచోట్ల 6 బదులు 8 పడింది. అది పెద్దది చేసే ప్రోగ్రాం కాదు, అయినా జబ్బు ఒకటే. మసక అంకె అయితే చదివేవాడికి అనుమానం వస్తుంది. స్పష్టంగా కనిపించే తప్పు అంకెను ఎవరూ అనుమానించరు.

తెలుగు అక్షరాలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ద కు ధ కు తేడా ఒక చిన్న గీత. వ కు ప కు తేడా పైన తలకట్టు ఒంటికి కలిసిందా, విడిగా నిలిచిందా అన్నది. పాత పుస్తకాన్ని అంగుళానికి 100 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 10 పాయింట్ల అచ్చులో వరస ఎత్తు 14 చుక్కలు. గుణింతం, అక్షరం, కింద వత్తు అన్నీ ఆ పద్నాలుగులోనే సర్దుకోవాలి. ధ కింది గీతకు దక్కేది ఒకటో రెండో చుక్కలు. తెలుగు చాలినంత చదవని యంత్రానికి ఇస్తే అది అక్షరాల్లాంటివి గీస్తుంది, దూరం నుంచి తెలుగే అనిపిస్తుంది, దగ్గరికెళ్తే చదవడానికి ఏమీ ఉండదు. భూమి దస్తావేజులో సర్వే నంబరునో, పేరులో అక్షరాన్నో ఇలాంటి యంత్రంతో "క్లియర్" చేయించడం మాత్రం చెయ్యకూడని పని.

న్యాయస్థానాలకు ఈ ప్రశ్న ఎదురైంది. 2024లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో కింగ్ కౌంటీ కోర్టు ఒక హత్య కేసులో కృత్రిమ మేధతో మెరుగుపరిచిన సెల్‌ఫోన్ వీడియోను సాక్ష్యంగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అసలు వీడియోను చూపడానికి అభ్యంతరం లేదు. చేర్చిన చుక్కలు జరిగినదాన్ని చెబుతున్నాయా, యంత్రం అనుకున్నదాన్ని చెబుతున్నాయా అన్నదే అక్కడ తగువు.

ఇంతకీ ఎంత పెద్దది కావాలి?

మొదట్లో వేసిన లెక్కకు ఇప్పుడు తిరిగి వెళ్ళాలి, ఎందుకంటే అందులో అంగుళానికి 300 అన్నది చాలాసార్లు అక్కర్లేని కోరిక. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వరకు విడదీసి చూడగలదు. ముప్పై సెంటీమీటర్ల దూరంలో అది మిల్లీమీటరులో పదకొండో వంతు. అంగుళానికి 300 అన్న అంకె దాదాపు దీనికి సరిపోతుంది. గోడకు తగిలించిన ఫొటోను రెండు మీటర్ల నుంచి చూస్తాం. అంత దూరంలో కన్ను అంగుళానికి 45 చుక్కలకు మించి విడదీయలేదు. అప్పుడు ఆరు అంగుళాల మొహానికి కావలసింది 270 ఇంటూ 360, మొత్తం 97,200 చుక్కలు. ప్రతి 36లో ఒకటి కెమెరాది. నింపాల్సినవి 1599 కాదు, 35. మొహాన్ని మూడంగుళాలకు తగ్గించి చుట్టూ చీర, భుజాలు ఉండనిస్తే 8. ఇంత కొద్దిపాటిది పక్క చుక్కల్ని అడిగి నింపినా మర్యాదగానే వస్తుంది. కాస్త మెత్తగా ఉంటుంది, మనిషి మాత్రం ఆవిడే. పదిమీటర్ల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకైతే అంగుళానికి తొమ్మిది చుక్కలు చాలు. పది అడుగుల ఫ్లెక్సీకి అడ్డంగా 1,080 చుక్కలు సరిపోతాయి. కూడలిలో నిలబడి చూస్తే నిండుగా ఉన్న నాయకుడి మొహం నిచ్చెనెక్కి చూస్తే చుక్కలు చుక్కలుగా ఉండటానికి కారణం ఇదే.

స్టూడియోకు వెళ్ళేముందు చెయ్యాల్సిన పని పెద్దది చెయ్యడం కాదు, మెరుగైన అసలును వెతకడం. వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోను కుదిస్తుంది. జేపెగ్ పద్ధతిలో కుదింపు 8 ఇంటూ 8 చుక్కల గళ్ళుగా జరుగుతుంది కాబట్టి పెద్దది చేస్తే ఆ గళ్ళే ముందు పైకి తేలతాయి. ఫొటో తీసిన మనిషిని పట్టుకుని, డాక్యుమెంట్‌గా పంపమనండి. 45 చుక్కల మొహం 100 దాటి రావచ్చు, ఆ తేడా ఏ యాపూ ఇవ్వలేదు. అట్టమీది పాత ఫొటో అయితే ఫోన్‌తో ఫొటో తీసి పంపవద్దు, స్కాన్ చేయించండి. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పున్న పాస్‌పోర్ట్ ఫొటోను అంగుళానికి 1200 చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 1,650 చుక్కలు వస్తాయి. కాగితం మీద అచ్చులో ఉన్నదంతా అందులోకి వచ్చేస్తుంది. సంస్థల గుర్తులు, బోర్డు మీది అక్షరాలు అయితే ఫొటోను సాగదీయకుండా ఫాంటుతో మళ్ళీ టైపు చేయించాలి. ఫాంట్‌లో అక్షరం చుక్కలుగా కాక వంపుల సూత్రాలుగా ఉంటుంది, ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

కృత్రిమ మేధ వాడకూడదని నేననను. రెండు రెట్లు పెంచడానికి, జేపెగ్ గళ్ళు చెరపడానికి, చీర మడతలకు, వెనక గోడకు హాయిగా వాడుకోవచ్చు. మొహం దగ్గర మాత్రం దాని మోతాదు తగ్గించి, ఆవిణ్ణి రోజూ చూసినవాళ్ళ పక్కన కూర్చుని చెయ్యాలి. పుట్టుమచ్చ ఎటు ఉండేదో, బొట్టు ఎంత పెట్టుకునేదో వాళ్ళనడిగి చేత్తో దిద్దించాలి. మంచి స్టూడియోల్లో టచింగ్ చేసే పాతవాళ్ళు చేసింది అదే. అసలు ఫైలును మాత్రం చెరపకుండా, ముట్టకుండా పక్కన పెట్టుకోవాలి.

ఇక 2000కు ముందు జరిగిన పెళ్ళయితే వెతకాల్సింది నెగెటివ్. స్టూడియో ఇచ్చిన పాత ఆల్బం కవర్లలో, బీరువా పై అరలో చూడండి. 35 మిల్లీమీటర్ల నెగెటివ్ ఒక్కటి, 24 ఇంటూ 36 మిల్లీమీటర్ల ముక్క, ఫిల్మ్ స్కానర్‌లో అంగుళానికి 4000 చొప్పున చదివితే 2 కోట్లకు పైగా చుక్కలిస్తుంది. అడ్డంగా 5,600. అదే పదిహేనుమంది వరసలో అమ్మమ్మ మొహం వెడల్పు 45 నుంచి 150 దాటుతుంది, అందులో ప్రతి చుక్కా ఆ రోజు ఆవిడ మొహం మీద పడ్డ వెలుతురే. కవరు తెరిస్తే వెనిగర్ వాసన కొడితే ఫిల్మ్ చెడిపోవడం మొదలైందని అర్థం. అలాంటివాటిని మంచివాటితో కలిపి పెట్టకుండా విడిగా తీసి, ముందు వాటినే స్కాన్ చేయించాలి. స్కాన్ చేసేవాళ్ళను జేపెగ్ కాకుండా టిఫ్ ఫైలు ఇవ్వమని అడగండి.